అందరికీ అంటే ఎవరెవరికి? చిన్నీ, బన్నీలకి తాతయ్య ఉత్తరం

చిన్నీ, బన్నీ,

గుంటూరు వచ్చి వారమైంది, జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది, అందుకే కూర్చుని రాస్తున్నా. అర్థం కాని చోట అమ్మ చేత చదివించుకోండి.

డిసెంబర్లో మనందరం న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు బన్నీ అడిగిన మాట నా మనసులోంచి పోవట్లేదు. సిటిజెన్స్ లైన్ ఖాళీగా ఉంది, మనం మాత్రం విజిటర్స్ లైన్లో గంటన్నర నిలబడ్డాం. "తాతయ్యా, నేను అమెరికన్ కదా, నాన్న పధ్నాలుగేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాడు కదా, మరి నాన్న ఎందుకు కాదు?" అన్నావు. నాన్న ఏం మాట్లాడలేదు, ఫైల్లో కాగితాలు మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూ ఉండిపోయాడు. నాకూ అప్పుడు నోరు పెగల్లేదు.

రోజూ స్కూల్లో గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్లెడ్జ్ చెప్తారు కదా, చివర్లో అందరికీ స్వేచ్ఛ, న్యాయం అని వస్తుంది. ఆ "అందరికీ"లో ఎవరెవరు ఉన్నారు అన్నదాని మీదే అక్కడ రెండొందల యాభై ఏళ్ళ నుంచి కొట్లాట నడుస్తోంది అని నా ఉద్దేశం.

మనుషులంతా సమానంగానే పుట్టారు అని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన థామస్ జెఫర్సన్ కింద ఆయన జీవితం మొత్తం మీద 600 మందికి పైగా బానిసలు ఉన్నారు. అది తెలిశాక ఆ రాసిందంతా అబద్ధమే అనేవాళ్ళు ఉన్నారు, నేను అలా అనను. రాసినాయన ఆ మాట మీద నిలబడలేదు గానీ మాట కాగితం మీద ఉండిపోయింది, అది ఎవరికి దక్కలేదో వాళ్ళే దాన్ని పట్టుకుని నిలదీశారు. బానిసగా పుట్టి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న రోచెస్టర్‌లో సభలో నిలబడి, మీ స్వాతంత్ర్య దినం పండగతో బానిసకి ఏం సంబంధం అని తెల్లవాళ్ళ మొహం మీదే అడిగాడు.

బన్నీ, నీ పాస్‌పోర్టు సంగతికి వస్తా. బానిసత్వం మీద అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం, సివిల్ వార్, అయ్యాక 1868లో, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం, అక్కడ పుట్టినవాళ్ళు అక్కడి పౌరులే అని రాజ్యాంగంలో చేర్చారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు చైనావాడివి, దిగొద్దు అని ఓడలోనే ఆపేశారు. ఆయన వదల్లేదు, కోర్టుకెక్కి 1898లో సుప్రీంకోర్టులో గెలిచాడు. నువ్వు పుట్టగానే అమెరికన్‌వి అయ్యావంటే ఆయన పుణ్యమే. అది కూడా చెక్కు చెదరకుండా లేదు, టెంపరరీ వీసా వాళ్ళకి ఇకమీదట పుట్టే పిల్లలకి సిటిజెన్‌షిప్ ఇవ్వొద్దని 2025లో ప్రెసిడెంట్ ట్రంప్ ఆర్డర్ వేశాడు, వెంటనే జనం కోర్టులకెక్కారు.

మనవాళ్ళ కథ ఇంకోటి. భగత్ సింగ్ థిండ్ అని పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో తలపాగాతోనే అమెరికా ఆర్మీలో చేరాడు. అప్పట్లో బయట్నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ నల్లజాతి వాళ్ళకీ తప్ప సిటిజెన్‌షిప్ లేదు. మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు అని 1923లో సుప్రీంకోర్టు తేల్చేసింది, దాంతో అప్పటికే సిటిజెన్లయిన ఇండియన్లు చాలామందికి కూడా పీకేశారు. 1946లో తలుపు కాస్త తీశారు, అదీ ఏడాదికి 100 మందికి.

మరి మనవాళ్ళు ఇంతమంది ఎలా వెళ్ళారు? ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతి వాళ్ళని పోలీసులు బ్రిడ్జి మీద కొట్టారు, ముందు నడుస్తున్న పాతికేళ్ళ జాన్ లూయిస్ పుర్రె పగిలింది. దేశం మొత్తం టీవీలో చూసింది. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది, అదే ఊపులో అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం దగ్గర కూర్చుని ప్రెసిడెంట్ జాన్సన్ ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు, పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలు పోయాయి. మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్ళింది ఆ చట్టం కిందే. ఆ పుర్రె పగిలింది మన కోసం కూడా అని నేను అనుకుంటా. అందుకే మొన్న పార్టీలో మనవాళ్ళు ఇద్దరు "అది నల్లోళ్ళ ఏరియా, అక్కడ ఇల్లు కొనొద్దు" అంటుంటే నాకు అన్నం సహించలేదు, లేచి బయటికొచ్చేశా.

నాన్న విషయానికొస్తే, సిటిజెన్‌షిప్‌కి ముందు మెట్టు గ్రీన్‌కార్డు, అంటే అక్కడే ఉండిపోవడానికి అనుమతి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళకి మామూలుగా 7 శాతం దాటకూడదని రూలు, ఇండియా అంత పెద్ద దేశానికీ అంతే, ఐస్‌లాండ్‌కీ అంతే. నాన్న అక్కడ టాక్స్ కడతాడు, మీ స్కూల్లో వాలంటీర్ చేస్తాడు, అయినా క్యూలోనే ఉన్నాడు. తప్పు నాన్నది కాదు. ఈసారి ఆ లైన్లో నిలబడ్డప్పుడు నాన్న చెయ్యి పట్టుకో బన్నీ.

వచ్చేముందు వాంగ్ కిమ్ ఆర్క్ పేరు చిన్న కాగితం మీద రాసి నీ పాస్‌పోర్టు కవర్లో పెట్టాను, చూసుకో. చిన్నీ, నీకు జాన్ లూయిస్ పేరు రాసి పెట్టాను, నీది లైబ్రరీ పుస్తకంలో ఉంది, పుస్తకం రిటర్న్ చేసేముందు తీసుకో.

మీ
తాతయ్య