పాత రైడు తీసేస్తే నిజంగా పోయేదేమిటి? ఒక మెకానిక్ చెప్పే అపోహలు, వాస్తవాలు

నేను 22 ఏళ్లుగా రైడ్ల మరమ్మతు పనిలో ఉన్నాను. విశాఖ తీరంలో ఉప్పు గాలికి నిలబడే రంగులరాట్నాలు, పండుగలకు ఎగ్జిబిషన్లలో లేచే జెయింట్ వీల్స్, కొలంబస్ ఊయలలు, పిల్లల రైలుబళ్లు నా లోకం. సబ్బు ఎంత రుద్దినా గోళ్లలో గ్రీజు పోదు.

ఎక్కడైనా ఒక పాత రైడు తీసేసి కొత్తది పెడతామనగానే జనం రెండుగా చీలిపోతారు. మా చిన్ననాటి దాన్ని ముట్టుకోవద్దని ఒక వర్గం. తుక్కును ఇంకెన్నాళ్లు తిప్పుతారని ఇంకో వర్గం. బీచ్ రోడ్డులో ఉదయం నడక ముగించి టీ తాగేచోట ఈ వాదన ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫ్లోరిడాలో ఉంటున్న మా అక్క కొడుకుతో ఫోనులోనూ ఇదే గొడవ. నా ఫిర్యాదు ఒక్కటే: యంత్రం మొత్తం మారినప్పుడు ఎవరూ నోరెత్తరు, యంత్రం అలాగే ఉన్నప్పుడు ఊరంతా ఏడుస్తారు.

అపోహ: పాతదంటే ప్రమాదమే.

లోహానికి పుట్టినరోజులు తెలియవు. తాను ఎన్నిసార్లు వంగిందన్నదే దానికి తెలుసు. ఒక జెయింట్ వీల్ గంటకు 15 ట్రిప్పులు, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 36,000 ట్రిప్పులు. ట్రిప్పుకు 6 చుట్లు అనుకుంటే 20 ఏళ్లలో 43,20,000 చుట్లు. ఇరుసు కూడా చక్రంతో పాటు తిరిగే రకమైతే ప్రతి చుట్టుకూ అది ఇటొకసారి, అటొకసారి వంగుతుంది. వెల్డింగు అతుకు పక్కన వెంట్రుకంత పగులు పుట్టేది ఈ లెక్క ప్రకారమే, క్యాలెండరు ప్రకారం కాదు. అదే చక్రాన్ని రెండు పండుగలకే నిలబెట్టే ఎగ్జిబిషన్ వాళ్లకు చుట్లు తక్కువ. కానీ విప్పడం, లారీకి ఎక్కించడం, మళ్లీ బిగించడం ఎక్కువ. అక్కడ ముందుగా అరిగేవి పిన్నులు, పిన్నులు దూరే రంధ్రాలు.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీప్ ద డిప్స్ అనే రోలర్ కోస్టర్ 1902 నాటిది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని సైక్లోన్ 1927 నాటిది, ఇప్పటికీ జనాన్ని అరిపిస్తోంది. కలప పట్టాల్లో పలకలు ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటారు. అన్నిటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ వియన్నాలోని జెయింట్ వీల్. 1897లో కట్టారు. మొదట 30 పెట్టెలు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయాక తిరిగి నిలబెట్టినప్పుడు 15 పెట్టెలే తగిలించారు. సగం బరువు దింపి ముసలిదాన్ని బతికించారు. ఉంచాలా, తీయాలా అనే రెండు మాటలే మన వాదనల్లో వినిపిస్తాయి. మూడో దారి ఉంటుందని ఎవరూ అనరు.

అపోహ: కొత్తగా రంగు వేశారు, అంటే బాగా చూసుకుంటున్నారు.

రంగు చూసి రైడును నమ్మేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మన ఊళ్లో మరీ.

కొన్నేళ్ల కిందట తీరానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పార్కు యజమాని పండుగ ముందు నన్ను పిలిచాడు. రైడు పెళ్లికూతురులా మెరిసిపోతోంది. కింది గొట్టం మీద చిన్న సుత్తితో తట్టాను. ఖణేలుమని మోగాల్సిన చోట డబ్బా చప్పుడు వచ్చింది. అల్ట్రాసోనిక్ మీటరు పెట్టి కొలిస్తే 6 మిల్లీమీటర్లు ఉండాల్సిన గొట్టం గోడ ఒకచోట 2 మిల్లీమీటర్లకు దిగింది. "రంగు వేసి నెల కూడా కాలేదండీ" అన్నాడాయన, ఏదో నేనే తినేసినట్టు. ఆ పండుగకు ఆ రైడు తిరగలేదు. నాకు ఆ పార్కు నుంచి మళ్లీ పిలుపూ రాలేదు.

సముద్రపు గాలిలోని ఉప్పు అతుకుల సందుల్లో, గొట్టాల లోపల చేరుతుంది. అది గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది కనుక ఎండ కాస్తున్నా లోపల తడి ఆరదు. గొట్టానికి అడుగున నీరు కారే రంధ్రం లేకపోతే పని ఇంకా త్వరగా అయిపోతుంది. బయట వేసిన రంగు లోపలి తుప్పును ఆపదు, దాచిపెడుతుంది. మంచినీళ్లతో తరచూ కడగడం మా దగ్గర అన్నిటికంటే చవకైన మందు. దాన్నే అందరూ మానేస్తారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరగ్గొట్టినవి అందరికీ కనిపించాయి. కైలాసగిరి మీద చెట్లు నేలకొరిగిన తీరు ఊరు మరిచిపోలేదు. ఆ గాలి లోపలికి తోసిన ఉప్పు మాత్రం తరవాతి ఏళ్లలో మా పానాలకు తగిలింది. ఆర్‌కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియంగా తెరిచారు. నీళ్లలోంచి బయటికి తీశారు కనుక ఇక తుప్పు బాధ లేదనుకునేవాళ్లు ఉన్నారు. కెరటం ఎదురుగా నిలబడ్డ ఇనుముకు విశ్రాంతి ఎక్కడిది?

ఇది మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. 2017 జులైలో అమెరికాలోని ఒహాయో సంతలో ఫైర్ బాల్ అనే ఊగే రైడు చేయి విరిగి ఒక యువకుడు చనిపోయాడు. ఆ రైడు తనిఖీలు దాటి వచ్చినదే. లోపలి వైపు నుంచి తిన్న తుప్పు వల్ల దూలం గోడ పలచబడిందని తయారుచేసిన కంపెనీ చెప్పింది. అప్పటికి దాని వయసు 18 ఏళ్లు. 1902 నాటి కోస్టరు పక్కన పెట్టి చూడండి.

అపోహ: పేరు మారితే రైడు పోయినట్టే, పేరు ఉంటే రైడు ఉన్నట్టే.

2023 జనవరిలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్ప్లాష్ మౌంటెన్‌ను మూసేశారు. దుంగ పడవలో కాలువ వెంట పోయి చివరన నీళ్లలోకి జారే రైడు అది. కథను 1946 నాటి ఒక సినిమా నుంచి తీసుకున్నారు. ఆ సినిమా నల్లజాతివారిని చూపిన తీరు మీద ఎప్పటి నుంచో విమర్శ ఉంది. కొత్త కథతో, టియానాస్ బయూ అడ్వెంచర్ అనే పేరుతో 2024 జూన్‌లో తిరిగి తెరిచారు. మూసిన రోజు మావాడు ఫోను చేశాడు.

"మామయ్యా, మా స్ప్లాష్ మౌంటెన్ పోయింది."

"కాలువ తవ్వేస్తున్నారా?"

"లేదు, ఉంటుంది."

"పడవలు? చివరి జారుడు?"

"అవీ ఉంటాయి."

"మరి పోయిందేమిటి?"

కాసేపు ఆగి, "పాట పోయింది" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పానా పట్టుకున్న మనిషికి పాట కనిపించదు, ఒప్పుకుంటాను. అయినా వాడికి ఒక సంగతి చెప్పాను. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1989లో తెరిచిన మొదటి స్ప్లాష్ మౌంటెన్‌లో పాడే బొమ్మల్లో చాలావి కొత్తగా చేసినవి కావు. అంతకుముందు అక్కడే నడిచి 1988లో మూతపడిన అమెరికా సింగ్స్ అనే ప్రదర్శన నుంచి తెచ్చి పెట్టినవి. అంటే మావాడు ఏడుస్తున్న పాతది కూడా మరో పాతదాని బొమ్మలతోనే నిలబడింది.

కాలిఫోర్నియాలోనే టవర్ ఆఫ్ టెర్రర్ అనే లిఫ్టు రైడును 2017 జనవరిలో మూసి, మే నెలలో కొత్త పేరుతో తెరిచారు. ఐదు నెలలు కూడా పట్టలేదంటే లోపలి లిఫ్టు యంత్రం కదల్లేదని మా పనివాళ్లకు వెంటనే తెలుస్తుంది. అదే నటుడు, వేరే వేషం. అభిమానులు గోల గోల చేశారు.

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ. డిస్నీలాండ్‌లో స్పేస్ మౌంటెన్ అనే కోస్టరు 1977లో మొదలైంది. 2003లో మూసి 2005లో తెరిచారు. ఆ రెండేళ్లలో చీకటి గుమ్మటం లోపల పట్టా మొత్తం పీకేసి కొత్తది వేశారు. అంటే మీ వెన్నెముకకు తగిలే ప్రతి కుదుపూ కొత్త ఉక్కు నుంచి వస్తున్నదే. పేరు అదే కనుక అది "పాత స్పేస్ మౌంటెన్" గానే చలామణీ అవుతోంది. టెక్సస్ జెయింట్ అనే 1990 నాటి కలప కోస్టరుకు మధ్యేమార్గం దొరికింది. 2011 నాటికి కలప నిర్మాణాన్ని చాలావరకు ఉంచి, పైన ఉక్కు పట్టా వేశారు. పేరుకు ముందు "న్యూ" అని చేర్చారు. ఈ వ్యాపారంలో అంత నిజాయితీ అరుదు.

కనుక ఎన్నాళ్లు మూస్తున్నారో చూడండి. నాలుగైదు నెలలంటే వేషం మారుతోంది. రెండేళ్లంటే ఎముకలు మారుతున్నాయి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. టియానా రైడులో కాలువ అదే అయినా లోపలి బొమ్మలు, దృశ్యాలు అన్నీ మార్చారు కనుక ఏడాదిన్నర పట్టింది.

ఉత్తరాంధ్ర వాళ్లకు దీన్ని వివరించడం సులువు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఏటా కొత్త చింతమాను వస్తుంది. చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. మాను కొత్తది, దాన్ని మోసే బండి కట్టుబడి కొత్తది, కొన దగ్గర కూర్చున్న పూజారి గాల్లో ఊగే ఆ క్షణం మాత్రం పాతదే. నిరుటి మాను ఏదని అడిగినవాడిని నేను చూడలేదు.

అపోహ: తీసేయడానికి కారణం డబ్బు కక్కుర్తి మాత్రమే.

డబ్బు ఉంటుంది, కాదనను. కానీ యజమాని బాగున్నా రైడు దిక్కులేనిది కావచ్చు. 1959లో డిస్నీలాండ్‌లోని మాటర్‌హార్న్ కోస్టరుకు ఉక్కు గొట్టపు పట్టా వేసిన యారో కంపెనీ తరవాతి రూపంలో 2001లో దివాలా తీసింది. జర్మనీకి చెందిన ష్వార్ట్స్‌కాఫ్ 1983లోనే మునిగింది. వాళ్ల రైడ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. డ్రాయింగు దొరకదు, అసలు భాగం దొరకదు.

ఆటోనగర్‌లో లేతు మీద చేయించవచ్చు కదా అని అందరూ అంటారు. గాజువాకలో ఉన్న పనివాళ్ల చేతి మీద నాకు ఎనలేని గౌరవం. నమూనా ఇస్తే వెంట్రుక తేడా లేకుండా పిన్ను తీసిస్తారు. కొలత సరిపోతుంది. లోపల ఉన్నది ఏ ఉక్కు, దానికి ఎంత వేడి చూపించి ఎలా చల్లార్చారు అన్నది కొలత చెప్పదు. మనుషులు కూర్చునే చేయికి తగిలించే పిన్ను విషయంలో నాకు కాగితం కావాలి. కాగితం ఇచ్చే దిక్కు లేనప్పుడు ఎంత ముద్దు రైడునైనా ఆపమనే చెబుతాను.

అపోహ: కోస్టరు పైకి ఎక్కేటప్పుడు టకటకమంటోంది, అరిగిపోయింది.

ఆ చప్పుడు పెట్టె వెనక్కి జారకుండా పళ్ల మీద పడే కొక్కెంది. అది వినిపించడమే మంచిది. కొత్త కోస్టర్లలో అయస్కాంతాలతో దాన్ని నిశ్శబ్దం చేస్తున్నారు. పాత అభిమానులకు అది నచ్చదు. ఈ ఒక్క విషయంలో నేను వాళ్ల పక్షం.

అపోహ: జనం ఎంత అరిచినా ప్రయోజనం ఉండదు.

కోనీ ఐలాండ్ సైక్లోన్‌ను 1970లలో పక్కనున్న అక్వేరియం విస్తరణ కోసం కూల్చాలనుకున్నారు. జనం అడ్డుపడ్డారు, నిలిచింది. ఫ్లోరిడాలో మిస్టర్ టోడ్ అనే కప్ప పాత్ర రైడు కోసం అభిమానులు ఆకుపచ్చ టీషర్టులు వేసుకుని బారులు తీరారు. అయినా 1998లో మూసేశారు. దాని స్థానంలో వచ్చిన విన్నీ ద పూ అనే ఎలుగుబంటి బొమ్మ కథ రైడులో, గుడ్లగూబ ఇంట్లో ఒక బొమ్మ పటం ఉంటుంది. టోడ్ తన ఇంటి దస్తావేజు గుడ్లగూబకు అప్పగిస్తూ కనిపిస్తాడు. అలాంటి పటాలు లోపల పెట్టేది మాలాంటి పనివాళ్లే. మాకూ బాధ ఉంటుంది మరి.

మావాడి స్ప్లాష్ మౌంటెన్ కూడా లోకం నుంచి మాయం కాలేదు. టోక్యో డిస్నీలాండ్‌లో పాత కథతోనే ఉంది. ఆ మాట చెప్పాక వాడు విమానం టికెట్ల ధరలు వెతకడం మొదలుపెట్టాడు. మా అక్క ఇప్పటికీ నన్నే తిడుతోంది.

అపోహ: తీసేసిన రైడు తుక్కు కింద పోతుంది.

అభిమానులు అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. ఎవరూ అడగరు. పెద్ద పార్కు వదిలించుకున్న రైడు చాలాసార్లు చిన్న పార్కుకో, ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్‌కో అమ్ముడుపోతుంది. రంగు మారుతుంది, పేరు మారుతుంది, చుట్ల లెక్క రాసిన పుస్తకం దారిలో ఎక్కడో జారిపోతుంది. అక్కడ అది కొత్త రైడు. కొన్నవాడు నన్ను పిలిస్తే మొదట అడిగేది ఆ పుస్తకం. "పాత ఓనరు ఇవ్వలేదండీ" అనే జవాబు నాకు కంఠస్థం.

మేము విప్పిన ఒక పాత చక్రం ఇరుసులో పరీక్షించినప్పుడు పగులు కనిపించింది. ఎవరూ కొనకుండా దాన్ని రెండు ముక్కలుగా కోయించాను. ఒక ముక్క మా వర్క్‌షాపు తలుపు దగ్గర ఉంది. దాని మీద పెట్టి వంగిన పిన్నులు సరిచేస్తాం.