లావు కార్డ్ కడితే హిచ్ గట్టిగా పట్టుకుంటుందా?

బెంగళూరులో ఏప్రిల్, మే వానలు మొదలయ్యాయంటే చెట్ల కొమ్మలు కొట్టే మాకు ఊపిరి సలపదు. గుల్మొహర్ కొమ్మలు కార్ల మీద, కరెంటు తీగల మీద విరిగి పడుతుంటాయి. అనంతపురం, మదనపల్లి వైపు నుంచి పనిలోకొచ్చే కొత్త కుర్రాళ్ళు ఏటా అడిగేది ఒకటే: "అన్నా, ప్రూసిక్‌కి ఇంకా లావు కార్డ్ వేద్దామా? ఇది చూస్తే భయమేస్తోంది." ప్రూసిక్ అంటే బరువు లాగే పెద్ద తాడు (మెయిన్ రోప్) చుట్టూ చిన్న తాడు (కార్డ్) లూప్‌ని చుట్టి వేసే ముడి; బరువు పడితే బిగుసుకుని పట్టుకుంటుంది. ఇలాంటి ముడినే హిచ్ అంటాం.

ఆ భయం నాకు తెలుసు. కింద ఎవరిదో ఇల్లు, పైన పెద్ద కొమ్మ. ఆ టెన్షన్‌లో చేతికి లావు తాడు తగిలితేనే ధైర్యం. కానీ ప్రూసిక్ పట్టు లావులో లేదు. కార్డ్ మెయిన్ రోప్ చుట్టూ బాగా వంగి, దాన్ని కరుచుకోవాలి. రెండూ ఒకే లావుంటే చుట్లు సరిగా వంగవు, కరుచుకోవు, జారతాయి. నేను 12 మి.మీ. రోప్ మీద 8, 16 మీద 10 కడతాను. సన్నది తెగుతుందేమో అంటారు. లూప్ కదా, బరువు రెండు పాయలూ పంచుకుంటాయి. 1931లో ఈ ముడిని పర్వతారోహకులకు పరిచయం చేసిన ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ప్రూసిక్ కూడా లావు తాడు మీద సన్నతాడే చుట్టాడు.

ఈ పనిలో కొత్తలో జయనగర్‌లో ఒక కొమ్మను గోడవైపు పోకుండా పుల్లీలతో లాగుతున్నాం. నేను 12 మీద 12 కట్టాను. బరువు పడగానే హిచ్ జానెడు జారింది, ఆగింది, మళ్ళీ జారింది. కొమ్మ వెళ్ళి సన్‌షేడ్ అంచు విరగ్గొట్టింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. సాయంత్రం ముడి విప్పితే లోపలివైపు నైలాన్ కరిగి గాజులా మెరుస్తోంది. గోరుతో గీకితే పొట్టు రాలింది. ఆ ముక్క ఇప్పటికీ నా బ్యాగ్‌లోనే ఉంది. లావు కార్డ్ అడిగిన ప్రతి తమ్ముడి చేతిలో పెడతాను.

డైనీమా అనే సింథటిక్ పీచు తాడు బలమైనదని హిచ్‌కి వాడేస్తున్నారు. అది నున్నగా జారుతుంది, 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. టెక్నోరా అనే ఇంకో పీచు అయితే కరగదు.

పడే దుంగను హిచ్ ఆపుతుందన్న మాట ఎవరు పుట్టించారో గానీ, నమ్మొద్దు. దాన్ని ఆపాల్సింది చెట్టు మొదట్లో కట్టిన లోవరింగ్ డివైస్ (దుంగను మెల్లగా కిందికి దించే పరికరం), దాని మీద రోప్ చుట్లు. హిచ్ నిలకడగా లాగే పనికే.

ముడి వేశాక చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కకుండా సర్ది, రంపం పెట్టకముందే గట్టిగా లాగి చూడండి. జారితే ఇంకో చుట్టు వేయండి. మధ్యలో వాన పడి రోప్ తడిస్తే మళ్ళీ లాగి చూడాలి, పొద్దున చూశాం కదా అని వదిలేయకండి.