కార్బురేటర్ "పోయింది" అన్నారా? పాతది మాత్రం ఇచ్చేయొద్దు (అపోహలు - వాస్తవాలు)

మొన్న ఆదివారం తాడిపత్రి నుంచి ఒకాయన కాంటెస్సా ఏసుకొని వచ్చినాడు. బండి 60 దాటితే తన్నుకుంటుందంట, పికప్ లేదంట, పెట్రోలు నీళ్ళలాగా తాగుతుందంట. బానెట్ ఎత్తితే లోపల తళతళా మెరిసే కొత్త కార్బురేటర్, పెట్టె తీసి నెల కూడా కాలేదు. "పాతది పోయిందన్నారు సార్, కొత్తది ఎక్కించినా కూడా అదే కత" అన్నాడు. పాతది యాడ అంటే, ఆ షాపులోనే ఎక్స్‌ఛేంజ్ కింద తీసుకొని రెండు వేలు తగ్గించినారంట. నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆయన బండిలో తప్పు ఏంటో తెలుసా, డిస్ట్రిబ్యూటర్‌కు (ప్లగ్గులకు కరెంటు పంచేది) పోయే సన్నటి వాక్యూమ్ పైపు మొదట్లో చిట్లిపోయింది, అంతే. జానెడు రబ్బరు పైపుతో పోయే పని.

ఈ కత నాకు కొత్త కాదు కాబట్టే ఇది రాస్తాండా. నేను అనంతపురంలో పాత పెట్రోల్ బండ్ల పనే చేస్తా, ఫియట్లు, అంబాసిడర్లు, కాంటెస్సాలు, పాత జిప్సీలు, జీపులు. బెంగళూరు దగ్గరే కాబట్టి ఆడి నుంచి వెబర్ కార్బురేటర్ల జంటలు, అమెరికా బండ్ల ఫోర్ బ్యారెల్ (నాలుగు గొంతుల) హోలీ కార్బురేటర్లు కూడా అప్పుడప్పుడు బెంచ్ మీదకి వస్తాయి.

అపోహ: బండి సరిగా పోకపోతే తప్పు కార్బురేటర్‌దే, రిపేరు కాదు, కొత్తది వేసుకోవాల్సిందే

జనానికి ఎక్కువ డబ్బు పోయేది దీనివల్లే. నా దగ్గరికి "కార్బురేటర్ పోయింది" అని వచ్చే బండ్లలో శానా వాటిలో తప్పు కరెంటు వైపు ఉంటుంది, లేదంటే ట్యాపెట్లలో (వాల్వులను తెరిచే భాగాలు, వాటి గ్యాప్), లేదంటే దొంగగాలి (కార్బురేటర్‌ను తప్పించుకొని సందుల్లోంచి ఇంజన్‌లోకి దూరే గాలి) పీల్చే చోట. కార్బురేటర్ చేసే పని ఒకటే, ఇంజన్ ఎంత గాలి పీలిస్తే దానికి తగినంత పెట్రోలు కలిపి పంపడం. మామూలుగా పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక వంతుకు 14.7 వంతుల గాలి తూకంలో కావాలి, పూర్తి పవర్ కావాలంటే 12.5 - 13 దగ్గర. ఇంజన్ పీల్చడమే సరిగా లేకపోతే, నిప్పురవ్వ సమయానికి పడకపోతే, కింద గాస్కెట్ దగ్గర గాలి దూరిపోతాంటే కార్బురేటర్ ఏం చేస్తుంది చెప్పండి? దాన్ని ఎంత తిప్పినా సరిపోదు, తిప్పేకొద్దీ ఇంకా చెడుతుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ సార్ వచ్చినాడు, వాళ్ళ నాయన కొన్న ప్రీమియర్ పద్మిని, ఆ 1089 సీసీ ఇంజనే, మీద సోలెక్స్ కార్బురేటర్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బంగారంలాగా నడుస్తుంది, ఇరవై నిమిషాలు పోయినాక మిస్సింగ్, అర్ధగంటకు ఆగిపోతుంది, కాసేపు చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. ఒక చోట కార్బురేటర్‌లో చెత్త అన్నారు, ఇంకో చోట పూర్తిగా పోయింది అన్నారు. కొత్తది ఏసినారు, అది సోలెక్స్‌ను చూసి పోసిన నకలు. మైదుకూరు దాటకముందే మళ్ళీ ఆగింది. ఆయన నా ముందర కూర్చొని "మా నాయన బండి బాబూ, అమ్మేయమంటాండారు ఇంట్లో" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను చేసిందల్లా బండి బాగా వేడెక్కి మిస్ అయ్యేదాకా నడిపించి, ఆ వేడి మీదే కండెన్సర్ (డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకు తగిలించి ఉండే చిన్న కరెంటు ముక్క) మార్చడం. వేడెక్కితే మాత్రమే చెడే కండెన్సర్లు ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే దొరకవు. మాడిపోయిన పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును తెంచేవి) కూడా తీసేసి, కొత్తవి వేసి గ్యాప్ పెట్టినా. రెండు మూడు వందల సామాను. ఆయన ఆ రోజు సాయంత్రమే బండి ఏసుకొని ప్రొద్దుటూరు పోయినాడు, ఇంటికి చేరి ఫోన్ చేసినాడు.

కానీ ఆ అసలు సోలెక్స్? ఆ షాపుకు మనిషిని పంపితే అప్పటికే పాత ఇనుప సామాన్లోళ్ళకు తూకానికి పోయింది. ఆ బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, నాలుగు కొత్త గాస్కెట్లు, ఒక నీడిల్ వాల్వ్, షాఫ్ట్‌కు ఇత్తడి బుష్‌లు వేసింటే ఇంకో ముప్పై ఏండ్లు పనిచేసుండేది. ఆయన కోసం ఇంకో బాడీ వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అందుకే నేను ఒక వరస పెట్టుకున్నా, మా ఉస్తాద్ నేర్పించిందే. ఫస్ట్ ట్యాపెట్లు, తర్వాత కంప్రెషన్, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, టైమింగ్. తర్వాత పెట్రోలు సరిగా వస్తాందా, ఫిల్టరు, పంపు, మెత్తబడి లోపలికి ముడుచుకుపోయిన రబ్బరు పైపులు. తర్వాత దొంగగాలి. ఇవన్నీ అయినాకనే కార్బురేటర్ మీద చెయ్యి. ఉస్తాద్ షెడ్డులో నేను పిల్లోడిగా ఉన్నప్పుడు ట్యాపెట్లు చూడకుండా స్క్రూడ్రైవర్ తీసుకొని కార్బురేటర్ దగ్గరికి పోతే చేతిమీద ఒకటి పడేది.

ఇంట్లోనే మీరు చూసుకోగలిగినవి కొన్ని చెప్తా. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, గొంతులోకి చూస్తా యాక్సిలరేటర్ లింకు లాగండి, సన్నటి ధార కొట్టాలి, కొట్టకపోతే కార్బురేటర్‌లోని యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రం పోయినట్టు, అది చిన్న ముక్క. ఇంజన్ బాగా వేడెక్కినాక ఐడిలింగ్‌లో మిక్చర్ స్క్రూ నిదానంగా పూర్తిగా లోపలికి తిప్పండి, ఇంజన్ తడబడి ఆగిపోవాలి. ఆగకపోతే పెట్రోలు ఇంకో దారిలో వస్తాంది, అంటే థ్రాటిల్ ప్లేట్ (గొంతును తెరిచి మూసే పలక) ఎక్కువ తెరుచుకొని ఉందనో, ఫ్లోట్ లెవల్ (లోపలి ఛాంబర్‌లో పెట్రోలు మట్టం) ఎక్కువనో. ఇంక దొంగగాలికి, స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్ళు థ్రాటిల్ షాఫ్ట్ రెండు చివరలా, కింద గాస్కెట్ చుట్టూ కొట్టండి, డిస్ట్రిబ్యూటర్ మీద పడకుండా. ఇంజన్ శబ్దం మారితే గాలి అక్కడే దూరుతాంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు, క్లీనర్ స్ప్రేలు మాత్రం కొట్టొద్దు, ఒకాయన చేతులు కాల్చుకొని వచ్చినాడు నా దగ్గరికి.

అపోహ: మిక్చర్ స్క్రూ తిప్పితే మైలేజ్ పెరుగుతుంది

ఆ స్క్రూ ఐడిలింగ్‌కు మాత్రమే. 70లో పోయేటప్పుడు పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్ (కొలత ప్రకారం రంధ్రం ఉన్న చిన్న ముక్క), దాంతో పాటు గాలి కలిపే ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబ్. స్క్రూ తిప్పి మైలేజ్ పెంచినా అని ఎవరైనా దుడ్లు అడిగితే ఇవ్వొద్దు.

అపోహ: పెద్ద కార్బురేటర్ వేస్తే పవర్ పెరుగుతుంది

కుర్రోళ్ళు ఎక్కువ అడిగేది ఇదే, కాంటెస్సాకు అమెరికా ఫోర్ బ్యారెల్ వేద్దామా అన్నా అని. లెక్క చూడండి. 1800 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 5500 ఆర్‌పీఎం దగ్గర, సిలిండర్ 85 శాతం నిండుతుందనుకుంటే, నిమిషానికి పీల్చేది సుమారు 4,200 లీటర్ల గాలి, అంటే 150 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). మీరు తెచ్చేది 600 సీఎఫ్ఎం, అంటే దాదాపు 17,000 లీటర్లు. ఆ పెద్ద గొంతులో గాలి వేగం పడిపోతుంది, వేగం లేకపోతే వెంచురీలో (గొంతు సన్నబడే చోట) ఒత్తిడి తగ్గదు, ఒత్తిడి తగ్గకపోతే జెట్ నుంచి పెట్రోలు లేచి రాదు. కాలు నొక్కగానే బండి ఒక్క క్షణం చచ్చినట్టయ్యి తర్వాత దగ్గుతుంది. 600 అడిగే ఇంజన్లు వేరే ఉన్నాయి, మనవి కావు.

వెబర్ డీసీఓఈ (వెబర్‌లో రెండు గొంతుల మోడల్) సంగతి వేరు, దాంట్లో ఒక్కో గొంతు ఒక్కో సిలిండర్‌కే పోతుంది కాబట్టి ఈ లెక్క అట్లే పెట్టకూడదు. పేరులో 40 అంటే థ్రాటిల్ ప్లేట్ 40 మిల్లీమీటర్లు, అంతే, అసలు పనంతా లోపల ఉండే చోక్ సైజుది (ఇక్కడ చోక్ అంటే ఆ వెంచురీనే, పొద్దున్నే స్టార్టింగ్‌కు లాగే చోక్ కాదు). చోక్‌ను 4తో గుణిస్తే మెయిన్ జెట్ దగ్గరలోకి వస్తుంది, 30 చోక్ అయితే 120 జెట్, ఆడి నుంచి మొదలుపెట్టి ప్లగ్గులు చూసుకుంటా పోవాల.

అపోహ: ఆసిడ్‌లో ముంచి, తీగ పెట్టి గెలికితే క్లీన్ అయిపోతుంది

120 జెట్ అంటే 1.20 మిల్లీమీటర్ల రంధ్రం. తీగ పెట్టి రెండుసార్లు గెలికి అది 1.25 అయ్యిందనుకోండి, కంటికి కనపడదు, కానీ రంధ్రం వైశాల్యం 8 శాతం పెరిగిపోయింది. గాలి కొట్టండి, క్లీనర్‌లో నానబెట్టండి, తీగ మాత్రం వద్దు. బాత్రూం ఆసిడ్ అసలే వద్దు. పాత బాడీలు శానా వరకు జింక్ మిశ్రమం పోత, ఆసిడ్ దాన్ని తినేస్తుంది. గుంతకల్లు నుంచి ఒక పిల్లోడు అట్ల నానబెట్టిన బాడీ తెచ్చినాడు, లోపలి దారులన్నీ చెదలు తిన్న చెక్కలాగా ఉన్నాయి, చేసేదేమీ లేదు. ఇసుక బ్లాస్టింగ్ కూడా అంతే, ఒక్క రేణువు లోపల ఇరుక్కుంటే చాలు.

అపోహ: ఎండలకు ఆగిపోతే కార్బురేటర్ చెడినట్టే

కడప ఎండలో మే నెలలో బండి ఆపి టీ తాగి వస్తే స్టార్ట్ కాదు. ఫ్లోట్ ఛాంబర్‌లో పెట్రోలు మరిగి గొంతులోకి పొంగుతుంది, ఇంజన్ ముంచుకుపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి నొక్కి పట్టుకొని, మళ్ళీ మళ్ళీ నొక్కి వదలకుండా సెల్ఫ్ కొట్టండి, అందుకుంటుంది. కార్బురేటర్ కింద మందపాటి బేకలైట్ పాకింగ్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇంజన్ వేడి పైకి ఎక్కకుండా ఆపేది అదే, చిట్లిందని తీసేసి సన్నటి గాస్కెట్ వేసిన బండ్లు లెక్కలేనన్ని చూసినా.

అపోహ: ఈ-20 పెట్రోలుతో పాత కార్బురేటర్లు పనికిరావు

భయపెట్టే వీడియోలు చూసి బండి అమ్మేద్దామనుకునేవాళ్ళు వస్తాండారు. కొంత నిజమే, ఈ-20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, నీళ్ళు పీలుస్తుంది. కాబట్టి పైపులు, డయాఫ్రం, నీడిల్ వాల్వ్ మొన ఇథనాల్ తట్టుకునేవి వేయించుకోండి. మిక్చర్ కూడా కొంచెం పలచనవుతుంది, 14.7 కావాల్సిన చోట ఈ-20కి 13.5 దగ్గర, అంటే 8 శాతం తేడా, 120 జెట్ ఉన్న చోట 125 పెడితే దాదాపు సరిపోతుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ఛాంబర్ ఖాళీ చేసి పెట్టండి, లేదంటే లోపల తెల్లగా పొడి కడుతుంది. ఇంతే, దీనికి బండి అమ్ముకోవడం ఎందుకు?

అపోహ: పాత కార్బురేటర్లు లక్షలు పలుకుతాయి / పాతది తుక్కే

రెండూ తప్పే. నేను విలువ కట్టేటప్పుడు మెరుపు చూడను, పాలిష్ కొట్టింటే అనుమానమే ఎక్కువ. నంబరు చూస్తా. హోలీకి లిస్ట్ నంబరు (మోడల్ నంబరు) పైన గాలి దూరే గొంతు మీద గుద్ది ఉంటుంది, కొన్ని అమెరికా కార్బురేటర్లకు పైమూత స్క్రూ కింద చిన్న రేకు ట్యాగు ఉంటుంది, ఆ రేకు పోతే అది ఏ బండికి వచ్చిందో చెప్పడమే కష్టం. వెబర్ అయితే పాత ఇటలీ పోతనా, తర్వాత స్పెయిన్‌లో చేసిందా, నకలా అని. జంట అయితే రెండిటి నంబర్లు ఒకటేనా అని. తర్వాత షాఫ్ట్ ఊగుతాందా, చెవులు విరిగి వెల్డింగ్ చేసినారా, లింకులన్నీ ఉన్నాయా. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు చప్పుడైతే అతుకు లీకు. అదే బండికి అదే అసలు కార్బురేటర్ ఉంటే బండి విలువే పెరుగుతుంది, విడిగా అమ్మితే అంత రాదు.

నా దగ్గరికి వచ్చేటప్పుడు రాత్రి నుంచి చల్లగా ఉన్న ఇంజన్‌తో తెండి, ట్యాపెట్లు చల్లగా ఉన్నప్పుడే చూడాల. పాత కార్బురేటర్, దాంట్లోంచి తీసిన జెట్లు, చిట్లిన పాకింగ్, ఆ రేకు ట్యాగు, ఏదీ పారేయకుండా ఒక డబ్బాలో వేసుకొని తెండి.