బోరు బండి మోత, ఐక్యరాజ్యసమితి

దేవరకొండ

పెద్దబిడ్డకు, నీ వెనక వరసలో ఉన్న పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు "తాతా, డిగ్రీ అయినంక అంతర్జాతీయ భద్రత మీద ఎం.ఏ. చేస్తా" అన్నావు. పక్కనుంచి మీ నాన్న "అంటే పోలీసు నౌకరీయా?" అని అడగడం నాకూ వినపడింది. ఆయన్నేమీ అనకు. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పిన నాకే ఇలాంటి చదువొకటి ఉందని రిటైరయ్యాక గానీ తెలియలేదు. ఫోన్లో అయితే మాట సగంలోనే తెగిపోతుంది, అందుకే ఈ ఉత్తరం.

మన తూర్పు చెలక గుర్తుందా? అక్కడ మనకు 150 అడుగుల బోరు ఉండేది, బత్తాయి తోటకు సరిపోయేది. పక్క చెలక మీ నానమ్మ తమ్ముడిది. ఒక ఎండాకాలం ఆయన బోరు ఎండిపోయి, 300 అడుగులకు కొత్తది వేయించాడు. ఆ రాత్రంతా బోరు బండి మోత వింటూ నాకు నిద్ర పట్టలేదు. నన్ను ముంచాలని ఆయన వేయించలేదు, చెట్లు ఎండిపోతున్నాయని వేయించాడు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా తెల్లారి మోటరేసి, ధార సన్నబడిందా అని చూశాను. నెల తిరక్కుండా అప్పు తెచ్చి నేను 400 అడుగులకు దిగాను. పాయింటు పెట్టే ఆయన అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి "గంగమ్మ ఇక్కడే ఉంది" అన్నాడు. మూడు గంటలపాటు తెల్లటి రాతి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన నీళ్లు రెండేళ్లు కూడా నిలవలేదు. ఈలోగా నానమ్మ తమ్ముడు 600 అడుగులకు వెళ్లాడు. చివరికి రెండు తోటలూ ఎండాయి, రెండిళ్లకూ అప్పులు మిగిలాయి. మా ఇద్దరిలో దొంగ ఎవరో చెప్పు?

దేశాల మధ్య జరిగేదీ ఇదేనని 1950లో జాన్ హెర్జ్ అనే రాజనీతి పండితుడు రాశాడు. ఆయన హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదుడు. దీనికి ఆయన పెట్టిన పేరును తెలుగులో భద్రతా సందిగ్ధం అనుకోవచ్చు. నా ఇంటికి నేను గడియ పెట్టుకుంటే ఎదురింటాయనకు అది కత్తి నూరిన చప్పుడులా వినపడుతుంది. 1998 మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశాం. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ కూడా చేసింది. అయితే ప్రతి గొడవా ఇలాంటి భయం వల్లే వస్తుందని అనుకోకు. నిజంగానే కబ్జాకు వచ్చేవాడూ ఉంటాడు. హెర్జ్‌ను ఊరు విడిచేలా చేసినవాడే అందుకు సాక్ష్యం. ఏది భయమో ఏది దురాశో విడదీసి చూడటమే ఈ చదువులో అసలు కష్టం.

ఈ చదువు పుట్టిందే చావుల్లోంచి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకంగా 1919లో వేల్స్‌లోని ఎబరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకంటూ మొదటి ప్రొఫెసర్ పదవి పెట్టారు. ఇదంతా ఎక్కడో దూరపు ముచ్చట అనుకోకు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకునేసరికి భారత సైన్యం మన నల్లగొండ జిల్లాలోకి వచ్చేసింది. మర్నాడే నిజాం లొంగిపోయాడు, ఆ తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆ అంశం మాత్రం మండలి జాబితాలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. మనది కూడా ఒకప్పుడు ప్రపంచం ముందు ఫైలే!

చాలాకాలం భద్రత అంటే సరిహద్దు, సైన్యం, బాంబు. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక ఆ లెక్క మార్చింది. దాని వెనక ఉన్న ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ పాకిస్తాన్ మనిషి. ఎవరికి భద్రత అని అడిగితే దేశానికి కాదు, మనిషికి అన్నారు. తిండి, ఆరోగ్యం, నీళ్లు, పని కూడా అందులోకి వచ్చాయి. అది చదివినప్పుడు నాకు మర్రిగూడ వైపు పిల్లలు కళ్లముందు మెదిలారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అక్కడ బోరు నీళ్లు తాగిన పిల్లలకు పళ్లు గారపట్టేవి, కాళ్లు వంకర్లు తిరిగేవి. మా బడిలో ఒకడు నవ్వు వస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. వాడి మీదికి ఏ శత్రుసైన్యమూ రాలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఇథియోపియాలో, టాంజానియాలో కూడా వాడారు. మన జబ్బు పేరుతో మనకు కీర్తి!

అయితే అన్నింటికీ భద్రత అనే ముద్ర వేయడం కూడా ప్రమాదమే. డెన్మార్క్‌కు చెందిన ఓలే వేవర్ అనే పండితుడు ఈ సంగతి చెప్పాడు. ఒక విషయాన్ని 'దేశ భద్రత' అన్నాక ఇక మామూలు చర్చకు తావుండదు. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడు దేశానికి కావాలని ఒకరు, మా అడవి పోతుందని చెంచులు. 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఎవరి భద్రత, దేని నుంచి అన్న ప్రశ్న అక్కడ పుస్తకంలోది కాదు.

చదువు సంగతికొస్తే, ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్ ఉంది. అందులో చేరాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దానికంటే ముందు ఒక భాష పట్టు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబిక్, రష్యన్ నేర్పుతారు. నేనైతే అరబిక్ అంటాను. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా మనవాళ్లను విమానాల్లో తీసుకొచ్చారు. మన పాలమూరు, నల్లగొండ వాళ్లు ఇప్పటికీ గల్ఫ్‌కు పోతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం చెప్పను.

దసరాకు వచ్చేటప్పుడు సిలబస్ కాగితం తీసుకురా. ఫీజు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. నానమ్మ తమ్ముడు కూడా వస్తానన్నాడు. బోర్ల కథ ఆయన నోట కూడా విను. ఆయన లెక్కలో ముందు లోతుకు దిగింది నేనేనట.

మీ తాత