ఈగలు తోలుకునే చదువు

“నాలుగేళ్లుగా మా అమ్మాయి ఈగలు తోలుకుంటోందండీ” అన్నారు మా పక్కింటావిడ. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వులో కాస్త నిష్ఠూరం ఉంది. పనీపాటా లేనివాళ్లను మనం అనే మాట ఆ పిల్ల విషయంలో అక్షరాలా నిజం. విశాఖలోని ఒక విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర ప్రయోగశాలలో ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పని ఈగలతోనే. అరటిపళ్లు మగ్గితే గెల చుట్టూ ముసిరే, మూడు మిల్లీమీటర్లయినా ఉండని పళ్ల ఈగలు. శాస్త్రజ్ఞులు డ్రాసోఫిలా అంటారు.

“ఒకసారి వచ్చి చూడండి బాబాయ్ గారూ, మా అమ్మకు మీరైనా చెప్పొచ్చు” అంటే ఒక శనివారం మద్దిలపాలెంలో బస్సు దిగి వెళ్లాను. గది తలుపు తీయగానే పులిసిన చోడి అంబలి వాసన కొట్టింది. ఈగల వంట అది. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, గట్టిపడడానికి అగర్ కలిపి ఉడికిస్తారు. చల్లారే ముందు ప్రొపియోనిక్ ఆమ్లం కొద్దిగా పోస్తారు. పోయకపోతే విశాఖ ఉక్కకు సీసాల్లో బూజు ఎక్కేస్తుంది. ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు గరిటెతో జావ కలుపుతూ, ఉండ కట్టిందని ఒకరినొకరు దెప్పుకుంటున్నారు. మెదడు పరిశోధన అంటే నేను ఊహించుకున్నది ఇది కాదు.

ఆమె వెతుకుతున్నది పార్కిన్సన్స్ జబ్బు గురించి. మన పెద్దలు కంపవాతం అన్నారు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వివరంగా రాశాడు. మెదడు అడుగు భాగంలో, కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు కొన్ని ఉంటాయి. అవి ఒక్కొక్కటే రాలిపోతుంటే చేతులు వణుకుతాయి, అడుగు తడబడుతుంది. ఈగ మెదడులోనూ డోపమైన్ కణాలున్నాయి, కొన్ని వందలు. మొత్తం ఈగ మెదడులో నాడీకణాలు 1,39,255. వాటి మధ్య కనెక్షన్లన్నిటితో పూర్తి పటం 2024లో వెలువడింది. మనిషికి సుమారు 8,600 కోట్లు. అంత తేడా ఉన్నా, మనుషుల జబ్బులతో ముడిపడిన జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈగలో జోడీ ఉంది. రోటినోన్ అనే పురుగుమందును మేతలో కొద్దిగా కలిపి కొన్ని రోజులు పెడితే ఈగకు కూడా డోపమైన్ కణాలు పోతాయి. నడక మందగిస్తుంది.

మందగించిందని తెలిసేది ఎలా? పది ఈగలను గాజు గొట్టంలో వేసి బల్ల మీద టక్కున తడతారు. అన్నీ అడుగున పడతాయి. పడిన ఈగ పైకి ఎగబాకుతుంది, అది దాని పుట్టుబుద్ధి. పది సెకన్లలో ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర గీసిన గీతను ఎన్ని దాటాయో లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పడుచు ఈగలైతే దాదాపు అన్నీ దాటేస్తాయి. ముసలివి సగంలో ఆగి ఆయాసపడుతున్నట్టు కనిపిస్తాయి. (ఆయాసం నా ఊహే, ఈగకు ఊపిరితిత్తులే లేవు.)

నన్నూ లెక్కపెట్టనిచ్చింది. “ఇది విషం ఒక్కటే తిన్నది, ఇది విషంతో పాటు మందు కూడా తిన్నది” అని ముందే చెప్పి మరీ ఇచ్చింది. మందు తిన్న గొట్టంలో ఏడు దాటాయన్నాను. ఫోనులో తీసిన వీడియో నెమ్మదిగా తిప్పి చూపింది. అయిదే. గీత మీద ఉన్న రెండింటిని నేను దాటించేశాను. అబద్ధం చెప్పాలని కాదు, మందు పనిచేస్తే బాగుండునని నా మనసులో ఉంది. “ఈ ప్రయోగంలో రెండు మెదళ్లుంటాయి బాబాయ్ గారూ, ఈగది ఒకటి, లెక్కపెట్టేవాళ్లది ఒకటి. రెండోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది” అంది. కావాలనే నా చేత ఆ తప్పు చేయించిందని అప్పుడర్థమైంది.

అందుకే అసలు ప్రయోగంలో ఒక జూనియర్ గొట్టాల మీద క, చ, ట, త, ప అని చీటీలు అంటిస్తాడు. ఏ అక్షరం ఏ మేతదో రాసిన కాగితం కవరులో పెట్టి, గైడు మేడమ్ గారి సొరుగులో వేసి తాళం. లెక్కలన్నీ ముగిశాకే విప్పుతారు.

ఇంకా ఎన్నో పట్టింపులు. ఈగకు తనదైన గడియారం ఉంది, కాబట్టి పరీక్ష రోజూ ఒకే వేళకు జరగాలి. (ఆ గడియారాన్ని నడిపే జన్యువుల మీద పనిచేసిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది.) మత్తిచ్చి ఆడా మగా వేరుచేస్తే, ఆ మత్తు ప్రభావం పోవడానికి ఒక రోజు ఆగాలి. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి పది రోజులు, 18 డిగ్రీల్లో దానికి రెట్టింపు. 30 డిగ్రీల్లో పెరిగిన మగవాటికి సంతానం కలగదు. మే నెల విశాఖలో ఏసీ పాడైతే వంశాలే ఆగిపోతాయన్నమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఈ ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి రోజులు మళ్లీ వస్తే ఏ సీసాలు ముందు కాపాడాలో ఒక జాబితా ఇక్కడ గోడకు అంటించి ఉంది.

విత్తనాల్లా దాచుకుందామంటే పెరిగిన ఈగను గడ్డకట్టించి మళ్లీ బతికించడం కుదరదు, గుడ్లలోని పిండాలను అలా దాచడం మామూలు ప్రయోగశాలల్లో ఇంకా వాడుకలోకి రాలేదు. కాబట్టి ప్రతి వంశాన్నీ కొన్ని వారాలకోసారి పాత సీసా నుంచి కొత్త సీసాకు దులపాల్సిందే. న్యూయార్కులో థామస్ మోర్గన్ 1910లో గుర్తించిన తెల్లకళ్ల ఈగ సంతతి అలా సీసా నుంచి సీసాకు మారుతూ నేటికీ ప్రపంచమంతటా బతికే ఉంది. దాని పర్యవసానం మా పక్కింటి పిల్లకు సంక్రాంతి సెలవు లేకపోవడం. భోగి నాడు ఎవరుండాలి, కనుమ నాడు ఎవరుండాలి అని చీటీలు వేసుకుంటారు. నిరుడు కనుమ ఈమెకే పడింది. తల్లి కోపానికి అసలు మూలం అక్కడుందని నా అనుమానం.

మందు సంగతికి వస్తే, అది లెవోడోపా. మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారే పదార్థం. దూలగొండి కాయ తెలుసుగా, నూగు తగిలితే ఒళ్లంతా దురద! ఆ గింజల్లో ఇది దండిగా ఉంటుంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని గింజల నుంచి వేరుచేశారు. కంపవాతానికి పనికొస్తుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు. ఇరవై ఏళ్ల తరువాత స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు. అదీ మన సర్పగంధ వేరులో దొరికేదే. కుందేళ్లు కదలక మెదలక పడిపోయాయి. లెవోడోపా ఎక్కించగానే లేచి కూర్చున్నాయి. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. నేటికీ కంపవాతానికి ప్రధానమైన మందు లెవోడోపాయే. (ఇది చదివి దూలగొండి గింజలు నూరుకు తాగకండి. మోతాదు తప్పితే ఒళ్లు దానంతటదే మెలికలు తిరగడం మొదలవుతుంది.)

రోటినోన్ తిన్న ఈగల మీద 2004లో వచ్చిన ఒక ఫ్రెంచి పరిశోధన నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. లెవోడోపా ఇస్తే ఈగలు మళ్లీ గీత దాటాయి. కానీ లోపల కణాలు మాత్రం చస్తూనే ఉన్నాయి. అంటే గొట్టంలో లెక్క ఒకటే చాలదు. గసగసాల గింజ కంటే చిన్నదైన మెదడును సూక్ష్మదర్శిని కింద రెండు సన్నని పట్టకార్లతో తల నుంచి విడదీయాలి. డోపమైన్ కణాలు మాత్రమే మెరిసేలా రంగు పట్టించి, ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. ఆమె ఊపిరి బిగపట్టి ఒక మెదడు తీయడం చూశాను. ఏడు నిమిషాలు పట్టింది. చివర్లో పట్టకారు కాస్త జారి మెదడు చిరిగింది. ఏమీ అనలేదు, ఇంకో ఈగను తీసింది.

రెండు వారాల తరువాత కవరు విప్పే రోజు మళ్లీ వెళ్లాను. అన్నిటికంటే ట గొట్టాల ఈగలు బాగా ఎక్కాయి. కాగితం తీసి చూస్తే ట అంటే ఆమె కొత్తగా పరీక్షిస్తున్న మేత. ఎమ్మెస్సీ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం గొట్టాలు పెట్టే చట్రం వైపు చూస్తూ నిలబడింది. ట గొట్టాలు ప్రతిసారీ కుడి చివరే ఉన్నాయి. సరిగ్గా వాటి నెత్తిన ట్యూబులైటు ఉంది. తట్టిన ఈగ పైకే కాదు, వెలుగు వైపు కూడా పరుగెత్తుతుంది.

కుర్చీ ఎక్కి లైటు తీసేసింది. గొట్టాల వరస మార్చింది. “అమ్మతో ఏం చెప్పమంటావు?” అన్నాను. “ఈ వారం కూడా రానని చెప్పండి” అని చీటీలు అంటించే జూనియర్‌ను పిలిచింది.