ఛార్జర్ ప్లగ్గులో వదిలేస్తే బిల్లు పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫోన్ తీసేశాక ఛార్జర్ బోర్డుకే ఉంటే కరెంటు బిల్లు పెరిగిపోతుంది.

అనంతపురంలో ఇళ్లకు వైరింగ్, రిపేర్లు చేసే నాకు ఎక్కువగా వినబడే మాట ఇది. బిల్లు ఎక్కువొచ్చిందని పిలుస్తారు. నేను మీటరు చూడకముందే తప్పంతా ఛార్జర్ మీద వేసేసి ఉంటారు, పిల్లలకు తిట్లు కూడా పడి ఉంటాయి.

వాస్తవం: స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఛార్జర్ లోపలి సర్క్యూట్ పనిచేస్తూనే ఉంటుంది, కాస్త కరెంటు తీసుకుంటుంది. కానీ ఇప్పటి మంచి ఫోన్ ఛార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు లాగేది 0.1 వాట్ లోపే. యూరప్‌లో 2020 నుంచి ఇలాంటి చిన్న అడాప్టర్లకు చట్టం పెట్టిన హద్దు కూడా అంతే. ఆ లెక్కన ఏడాదంతా రాత్రీ పగలూ వదిలేసినా 0.88 యూనిట్. యూనిట్ 6 రూపాయల స్లాబులో ఏడాదికి 5 రూపాయల పైచిలుకు. 1 హెచ్‌పీ బోరు మోటరు గంట ఆడితే దాదాపు 1 యూనిట్ కాలుతుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటరు కట్టేయని ఇంట్లో ఛార్జర్ పీకి ఏం లాభం?

ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పాత బరువైన అడాప్టర్ల సంగతి వేరు. అవి ఖాళీగా ఉన్నా 1 నుంచి 3 వాట్లు లాగుతాయి. చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఆ వేడికి డబ్బు కడుతున్నది మీరే.

అపోహ: రిమోట్‌తో టీవీ ఆపితే అన్నీ ఆగినట్టే.

చాలా సెట్‌టాప్ బాక్సులు స్టాండ్‌బైలో (రిమోట్‌తో ఆపి, స్విచ్ తీయకుండా వదిలినప్పుడు) కూడా ఇంచుమించు ఆన్‌లో ఉన్నంత కరెంటు తీసుకుంటాయి. 10 వాట్లు అనుకున్నా నెలకు 7 యూనిట్లు. ఈ మాట చెబితే పాతూరులో ఒక అక్క నమ్మలేదు. మీటరు దగ్గరికి తీసుకుపోయాను. ఎర్ర లైటు పక్కన 3200 అని రాసి ఉంది, అంటే లైటు 3200 సార్లు మిణుకుతే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ కట్టేసి సెట్‌టాప్ బాక్సు ఒక్కటే వదిలాం. రెండు నిమిషాలు కాకముందే ఒకసారి మిణికింది. 75 వాట్ల ఫ్యాన్ వేస్తే 15 సెకన్లకోసారి. ఛార్జర్ ఒక్కటే ఉంచితే లైటులో చలనమే లేదు, అంత చిన్న లోడును మీటరు లెక్కలోకే తీసుకోదు. "అయితే పిల్లోణ్ణి ఊరికే తిడతా ఉన్నానా?" అనింది అక్క. మీ మీటరుతో మీరూ ఇలా చూసుకోవచ్చు.

అపోహ: బిల్లు రాదు కదా, ఎప్పుడూ అలాగే వదిలేయొచ్చు.

ఇది మాత్రం ఒప్పుకోను. బిల్లు వేరు, భద్రత వేరు. బజారులో దొరికే నాసిరకం ఛార్జర్లలో 230 వోల్టుల వైపుకూ ఫోన్ వైపుకూ మధ్య ఉండాల్సిన దూరం ఉండదు. గాలివానకు లైను న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. దిండు పక్కన, పరుపు మీద అలాంటి ఛార్జర్ పెట్టుకుని పడుకోవద్దు. కొనేటప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తూ, దాని కింద 'ఆర్'తో మొదలయ్యే 8 అంకెల నంబరూ ఉన్నాయో లేదో చూడండి.

ఉరుములు మొదలైనా, ఊరికి పోతున్నా స్విచ్ తీస్తే సరిపోదు, ప్లగ్గే పీకండి. కొన్ని పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కు (కరెంటు వచ్చే వైరుకు) కాకుండా న్యూట్రల్‌కు బిగించి ఉంటారు. అలాంటి చోట స్విచ్ ఆపినా సాకెట్‌లో టెస్టర్ వెలుగుతూనే ఉంటుంది. మీ ఇంట్లో అలా వెలిగితే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరు మార్పించండి.