కదిరి లైను మూతబడలేదు గానీ ఎక్కేదానికి బండేదీ?

"కదిరి లైను మళ్ళీ తెరవాల" అని ఎవరన్నా అంటే బయటి ఊరోళ్ళు మూసిందెప్పుడబ్బా అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, ధర్మవరం నుంచి పాకాల దాకా 227 కిలోమీటర్ల పట్టాలు ఎక్కడా తెగిపోలేదు, పైన కరెంటు తీగలు కూడా లాగేశారు, తిరుపతి పోయే దూరం బండ్లు ఈ దారిన పోతానే ఉన్నాయి. మరి మూతబడింది ఏందంటే, పొద్దున ఎనిమిదికి ముదిగుబ్బలోనో తనకల్లులోనో ఎక్కి, ఆఫీసు టైముకో కాలేజీ టైముకో ధర్మవరంలోనో కదిరిలోనో దిగి, పని చూసుకొని సాయంత్రానికి ఇల్లు చేరే సౌకర్యం. రోజూ పోయొచ్చేటోడికి ఈ లైను ఉన్నట్టా లేనట్టా అంటే లేనట్టే. ఇది నిన్నా మొన్నా వచ్చిన సమస్య కాదు, లైను ఎందుకు వేశారో, మధ్యలో ఏం జరిగిందో చూస్తే గానీ ఇప్పటి డిమాండు సంగతి అర్థం కాదు.

కథ 1876-78 కరువు దగ్గర మొదలవుతుంది, మన పెద్దోళ్ళు ధాత కరువు అనేది దాన్నే. అప్పటికి దత్తమండలాల్లో రైలు లేక కాదు, మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా రాయచూరు పోయే బ్రాడ్‌గేజ్ లైను 1871కే పూర్తయింది. ధాన్యం రైల్లో వచ్చేది గానీ స్టేషన్ నుంచి లోపలి ఊర్లకి చేర్చేదానికి బండ్లు కట్టే ఎద్దులు లేవు, మేత లేక, నీళ్ళు లేక అవి ముందే చచ్చిపోయినాయి. రైలుకట్టకి దగ్గరున్నోళ్ళకి గింజలు, దూరమున్నోళ్ళకి చావు, సూటిగా చెప్పాలంటే అంతే. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ రిపోర్టు ఇచ్చి, కరువు సీమల్లో లాభం వచ్చినా రాకపోయినా రైళ్ళు వేయాల్సిందే అనింది. గుంతకల్ నుంచి నంద్యాల, నల్లమల దాటి బెజవాడ దాకా పోయిన లైను అట్లా వచ్చిందే, బళ్ళారి-కృష్ణా స్టేట్ రైల్వే అనేవాళ్ళు. మన లైను కూడా ఆ ఊపులోదే, సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు విల్లుపురం నుంచి కాట్పాడి, పాకాల, పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం దాకా 1891-92 నాటికి తెచ్చి కలిపారు.

ఈ రెండూ మీటర్‌గేజే. రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు ఉండే బ్రాడ్‌గేజ్ కంటే 1000 మిల్లీమీటర్ల లైను వేసేదానికి డబ్బు తక్కువ పడుతుంది, గుట్టల్లో వంపులు తిప్పుకోవడం కూడా తేలిక. అగ్గువగా వేశారు గాబట్టే వేశారు, లేకుంటే ఇటుపక్క రైలు చూసేదానికి ఇంకెన్ని ఏండ్లు పట్టేదో.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే దీనికి ఇప్పటి గొడవతో సంబంధం ఉంది. లైను వేసినప్పుడు కదిరి తాలూకా కడప జిల్లాలోది, 1910లో అనంతపురానికి మారింది. మదనపల్లె కూడా కడప జిల్లానే, 1911లో చిత్తూరు జిల్లా పుట్టినాక అటు పోయింది. 2022లో మళ్ళీ అన్నీ కలిపి విడదీసి కదిరినీ ధర్మవరాన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలో పెట్టారు, కలెక్టరాఫీసు పుట్టపర్తికి పోయింది. అంటే నూరేండ్లలో జనాలు పని మీద పోవాల్సిన ఊరు కడప, అనంతపురం, పుట్టపర్తి అని మారుతూనే వచ్చింది, పట్టాలు మాత్రం వేసిన చోటే ఉన్నాయి. కదిరాయన ఇప్పుడు పుట్టపర్తికి రైల్లో పోవాలంటే ముందు ధర్మవరం పోయి, అక్కడ ఇంకో బండి పట్టుకొని, 2000లో వచ్చిన కొత్త లైను మీద ప్రశాంతి నిలయం స్టేషన్లో దిగాల. రోడ్డున అయితే నేరుగా పోవచ్చు, ఎవరన్నా రైలెందుకు ఎక్కుతారు చెప్పండి. ఇక మదనపల్లె సంగతి అందరికీ తెలిసిందే, స్టేషన్ సీటీఎం అనే ఊరి దగ్గరుంటే ఊరు పది కిలోమీటర్లకు పైనే దూరం, దిగినాక ఆటోకి ఇచ్చేది రైలు టికెట్ కంటే ఎక్కువ.

మీటర్‌గేజ్ రోజుల్లో ఇవన్నీ ఉన్నా బండి నడిచేది, జనం ఎక్కేవాళ్ళు, కారణం ఏమంటే రోడ్లు అంతంతమాత్రం, బస్సులు తక్కువ. బొగ్గింజను ప్యాసింజర్ నింపాదిగా పోయేది, ప్రతి స్టేషన్లో ఆగేది, పెట్టె నేలకి దగ్గరగా ఉండేది గాబట్టి ప్లాట్‌ఫారం లేకపోయినా ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకొని ఎక్కేది. పాలక్యాన్లు, కదిరి మల్లెపూల మూటలు, ధర్మవరం మగ్గాల పనోళ్ళు, హైస్కూలు పిల్లోళ్ళు అందరిదీ ఒకే బండి. దాన్ని రొమాంటిక్‌గా చూడాల్సిన పనేం లేదు, లేటు అంటే మామూలు లేటు కాదు అది, కానీ టికెట్ చవక, మన ఊర్లో ఆగుతుంది, ఆ రెండూ చాలు జనానికి.

1992లో రైల్వే ప్రాజెక్ట్ యూనిగేజ్ అని పెట్టి దేశమంతా బ్రాడ్‌గేజ్ చేస్తామనింది. మంచి నిర్ణయమే, నేను కాదనను. గేజ్ మారే ప్రతి జంక్షన్‌లో సరుకు దించి మళ్ళీ ఎక్కించే పీడ పోయింది. గుంతకల్-నంద్యాల-గుంటూరు లైను ఆ దశాబ్దంలోనే మారిపోయింది, ఆ మార్పులోనే నల్లమలలో బొగద దగ్గర పాత దారి వదిలేసి కొత్త దారి వేశారు, 1880ల్లో కట్టిన దొరబావి వంతెన అట్లా పక్కనబడింది. మన లైను వంతు చాలా లేటుగా వచ్చింది, ముక్కలు ముక్కలుగా పని చేసుకుంటూ పోయి 2010కి గానీ మొత్తం పూర్తి కాలేదు. గేజ్ మార్చాలంటే పాత పట్టాలు పీకాల, కట్ట వెడల్పు చేయాల, వంతెనలు గట్టి చేయాల, అంతకాలం ఆ ముక్క మీద బండి ఉండదు. నన్నడిగితే అసలు దెబ్బ తగిలింది అక్కడే. బండి లేని ఆ కాలంలో జనం రోజువారీ అలవాటు మొత్తం మార్చుకున్నారు, జీపులు వచ్చినాయి, షేర్ ఆటోలు వచ్చినాయి, ఆర్టీసీ పల్లెవెలుగులు పెరిగినాయి, మోటార్ సైకిల్ ఫైనాన్సులు ఊరూరికీ వచ్చినాయి. ఆ తర్వాత రైలు తిరిగొచ్చేసరికి ఎదురుచూసేటోళ్ళు ఎవరూ లేరు. దానికి తోడు అనంతపురం, కదిరి, మదనపల్లె కలిపే హైవే, ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి, రైలు దారి పక్కనే చాలా దూరం వస్తుంది.

తిరిగొచ్చిన రైలు కూడా పాతది కాదు. బ్రాడ్‌గేజ్ పెట్టె ఎత్తు, చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం చూస్తే నేల మట్టం, మెట్టు పట్టుకొని పైకి లాక్కుంటేనే ఎక్కేది, చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషిని ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగాల. ఒకటే ట్రాక్ గాబట్టి ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజర్‌ని లూప్‌లో పక్కకి పెడతారు, అట్లా కూర్చొని ఉద్యోగానికి టైముకి పోయేదెట్లా. ఇంక దూరం బండ్ల టైములు తిరుపతి దర్శనం, హైదరాబాద్ చేరే గంట చూసుకొని పెట్టినవి, ముదిగుబ్బలో ఎవరికి ఎప్పుడు కావాలో చూసి పెట్టినవి కావు. లైను బాగుపడింది, మన వాడకానికి మాత్రం దూరమయింది.

ఉన్న ఆ ప్యాసింజర్‌కి కూడా 2020 మార్చిలో కరోనాతో బ్రేక్ పడింది. దేశమంతా ఆపేశారు గాబట్టి అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ మొదలెట్టినప్పుడు మాత్రం పాత ప్యాసింజర్లనే సున్నాతో మొదలయ్యే నంబర్లిచ్చి స్పెషల్ అన్నారు, 10 రూపాయలుండే కనీస టికెట్ 30 అయింది, బండి అదే, పెట్టెలు అవే, స్పీడూ అంతే. అదే టైములో జీరో బేస్డ్ టైంటేబుల్ అని, అంటే పాత టైములు పక్కనబెట్టి మొదటి నుంచి కొత్తగా రాసేది తెచ్చి, టికెట్లు తక్కువ తెగే చోట స్టాపులు తీసేశారు. 2024 ఫిబ్రవరి చివర్లో ఛార్జీ మళ్ళీ 10కి దిగింది, ఆ నాలుగేండ్లలో ఆటోకి అలవాటైనోడు దిగొచ్చాడా అంటే డౌటే.

ఇక్కడే ఉంది అసలు చిక్కుముడి. స్టాపు కావాలి అని అర్జీ పెడితే రైల్వే అడిగేది ఆ స్టేషన్లో రోజుకి ఎన్ని టికెట్లు తెగుతాయి అని. బండి ఆగకపోతే టికెట్ తెగదు, టికెట్ తెగకపోతే బండి ఆగదు. చిన్న హాల్ట్‌లలో టికెట్ ఇచ్చేది రైల్వే ఉద్యోగి కూడా కాదు, కమీషన్ మీద పనిచేసే ఏజెంటు, రోజుకి పది టికెట్లు తెగితే ఆయనకి వచ్చే కమీషన్ టీ ఖర్చుకి కూడా రాదు, ఆయన వదిలేస్తే కౌంటర్ మూత, కౌంటర్ మూత పడితే ఎక్కినోళ్ళు టికెట్ లేకుండానే ఎక్కుతారు, వాళ్ళు ఏ లెక్కలోకీ రారు. దీనికి బయటపడే దారి రైల్వే రూల్సులోనే ఉంది, ఆరు నెలలు ప్రయోగాత్మకంగా స్టాప్ ఇచ్చి చూడడం. ఎక్స్‌ప్రెస్‌లకి ఎమ్మెల్యేలు ఎంపీలు అడిగితే అట్లా ఇస్తానే ఉంటారు, ఫోటోలు దిగి జెండా ఊపుతారు. కానీ రాత్రి రెండింటికి ఆగే ఎక్స్‌ప్రెస్‌కి స్టాప్ తెస్తే ఉద్యోగానికి పోయేటోడికి ఒరిగేదేం లేదు. సీజన్ టికెట్ లెక్క చూస్తే ఇంకా బాధేస్తుంది, నెల పాస్ ఖరీదు దాదాపు పదిహేను సార్లు పోయే టికెట్ ఖరీదు, నెలంతా పోయి రావచ్చు, 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. బస్సు పాస్ దీనికి దగ్గరకి కూడా రాదు. ఆ పాస్ వాడుకునేదానికి సరైన టైములో బండి ఉంటే కదా.

పక్క లైన్ల వైపు చూసినా ఇదే వరస. నంద్యాల-ఎర్రగుంట్ల లైను పీవీ నంద్యాల ఎంపీగా ఉన్న కాలం చివర్లో, 1996-97లో మంజూరైంది, బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా మొత్తం పూర్తయి నంద్యాల-కడప డెమూ (డీజిల్‌తో నడిచే లోకల్ బండి) తిరిగేసరికి 2016 వచ్చింది. ఇరవై ఏండ్లు. ప్రొద్దుటూరు లాంటి ఊరికి రైలు రావడం పెద్ద సంగతే, కానీ పొద్దునా సాయంత్రం రెండు మూడు జతల బండ్లుంటే కదా రోజువారీ జనం నమ్ముకునేది. కడప-బెంగళూరు కొత్త లైను 2008-09లో సగం ఖర్చు రాష్ట్రం పెట్టుకునే షరతు మీద వచ్చింది, పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్ల పైచిలుకు వేసి అక్కడ ఆగింది, రాయచోటి వాళ్ళు ఇంకా ఎదురుచూస్తానే ఉన్నారు. తర్వాత దాని బదులు ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బకి లైను అనే ప్రతిపాదన తెచ్చారు, అది వస్తే ముదిగుబ్బ జంక్షన్ అవుతుంది, మన లైనుకి కొత్త బలం వస్తుంది. వస్తే.

ఇప్పుడు అడిగేది కొత్త పట్టాలు కాదు గాబట్టి ఖర్చు మాట పెద్దగా ఎత్తాల్సిన పని లేదు. కరెంటు లైను ఉంది, ఎనిమిది పెట్టెల మెమూ (కరెంటుతో నడిచే లోకల్ బండి) ఒకటి పొద్దున ములకలచెరువు వైపు నుంచి కదిరి, ముదిగుబ్బ మీదుగా ధర్మవరం, అనంతపురం పోయి సాయంత్రం తిరిగొస్తే చాలు, మధ్యాహ్నం ఖాళీగా ఉంటే ధర్మవరం-పుట్టపర్తి మధ్య తిప్పొచ్చు, అప్పుడు కలెక్టరాఫీసు పనికీ దారి దొరుకుతుంది. మెమూకి డ్రైవరు క్యాబిన్ రెండు వైపులా ఉంటుంది, ఇంజను విప్పి అటువైపు తిప్పే పని లేదు, ప్రతి చోటా ఆగి చప్పున స్పీడు అందుకుంటుంది కూడా.

ఒక ఇబ్బంది మాత్రం దాచిపెట్టేది కాదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడోళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ. రోజూ పోయొచ్చే జనంలో సగం మందికి బస్సు ఊరికే అయినప్పుడు 10 రూపాయలన్నా సరే రైలు టికెట్ ఎందుకు కొంటారు అని రైల్వే వాళ్ళు అడగొచ్చు, అడుగుతారు కూడా. దానికి జవాబు ఆ ఫ్రీ బస్సులోనే ఉంది, పొద్దున కదిరి బస్టాండ్‌లో చూస్తే కాలు పెట్టేదానికి సందుండదు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లోళ్ళు, టికెట్ కొనే మగోళ్ళు అందరూ అదే బస్సులో. వాళ్ళలో కొందరు రైలెక్కినా బస్సు తెరిపిన పడుతుంది, బండికి టికెట్లూ తెగుతాయి. అందుకని అర్జీ పెట్టేటోళ్ళు స్టేషన్లో పాత టికెట్ల లెక్క పట్టుకొని పోతే లాభం లేదు, పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ముదిగుబ్బ, బత్తలపల్లి దారిలో బస్సుల్లో, ఆటోల్లో ఎంతమంది పోతున్నారో ఒక వారం నిలబడి రాసుకొని, ఆ కాగితం గుంతకల్‌లో రైల్వే డివిజన్ మేనేజరు (డీఆర్‌ఎం) ఆఫీసుకి తీసుకుపోవాల.